చప్పుడు లేని కెమెరా

మా పాత కెమెరా జమ్మికుంట దగ్గరి ఒక ఊళ్లో, పెళ్లి బరాత్ మధ్యలో పోయింది. దాన్ని పగలగొట్టింది పెళ్లికొడుకు బావ.

మే నెల, సాయంత్రం నాలుగు దాటింది. ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ట్రాక్టర్ మీద డీజే పెట్టెలు, దాని ముందు తాగి ఆడుతున్న మగవాళ్లు. నేనూ నా భర్తా మందమర్రిలో చిన్న స్టూడియో నడుపుతాం. ఆయన వీడియో తీస్తాడు, నేను ఫోటోలు. బొగ్గుగని కార్మికుడి కూతుర్ని, కంపెనీ క్వార్టర్లలో పెరిగాను. తాగిన గుంపులో మోచేతులతో దారి చేసుకుంటూ పని చేయడం నాకు కొత్త కాదు.

ఒక పాట ఆపమని ఊరివాళ్లన్నారు, ఆపేది లేదని పెళ్లివాళ్లన్నారు. డీజేవాడు భయపడి అన్నీ బంద్ చేశాడు. ఆ నిశ్శబ్దంలో పెళ్లికొడుకు బావ ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి ఊరివాడొకడి నెత్తిన కొట్టాడు. కుర్చీ కాలు విరిగింది. ఆ విరిగిన కాలుతోనే అతని చెంపలో పొడిచాడు. రక్తం తెల్ల చొక్కా కాలర్ మీదికి కారింది.

నేను తీస్తూనే ఉన్నాను. అదొక అలవాటు. కళ్ల ముందు ఏది కదిలితే దాని వైపు కెమెరా లేస్తుంది. మా పాత డీఎస్ఎల్ఆర్‌ది మొరటు చప్పుడు. బటన్ నొక్కినప్పుడల్లా లోపలి అద్దం లేచి టకామని పడేది. అంత లొల్లిలోనూ ఆ చప్పుడు అతను విన్నాడు.

“ఏయ్! ఫోటోలు తీస్తున్నవా? నీయవ్వ, ఇటియ్యి!”

కెమెరా పట్టీ నా మెడలోనే ఉంది. దాన్ని పట్టుకుని గుంజాడు. నేను మోకాళ్ల మీద పడ్డాను, మెడ మీద చర్మం లేచిపోయింది. కెమెరాను ట్రాక్టర్ ట్రాలీ ఇనుప అంచుకేసి మూడుసార్లు బాదాడు. రోడ్డు మీద పడేసి మడమతో తొక్కాడు. నా భర్త పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, ఇడువున్రి! ఆడమనిషి మీద గిట్ల…”

ఆయన మాట పూర్తి కాలేదు. ఎవరో వెనక నుంచి పందిరి గొట్టంతో ఆయన కుడిచేతి మీద కొట్టారు. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆయన నోరు తెరిచి ఆ చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు.

నా పక్కన లైటు స్టాండ్ పడి ఉంది. తీసుకుని ఆ బావ దవడ మీద కొట్టాను. అతను కూలబడ్డాడు. ఇంకోసారి కొట్టాను. ఆ రెండో దెబ్బ అవసరం లేదు. అప్పటికే అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడు. అయినా కొట్టాను, కొట్టినందుకు హాయిగా అనిపించింది. ఈ సంగతి నా భర్తకు ఇప్పటికీ చెప్పలేదు.

ఊరి ఆడవాళ్లు మమ్మల్ని ఒక ఇంట్లోకి లాగి తలుపు వేయకపోతే ఆ రోజు ఎలా ముగిసేదో తెలియదు.

ఆయన చేతికి రాడ్డు వేశారు. పెళ్లిళ్ల కాలం నడుస్తోంది, ఒప్పుకున్న పనులున్నాయి. పాత కెమెరాలో బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు, దాని లెన్సొకటి మాత్రం ఎలాగో బతికింది. కరీంనగర్‌లో మాకు తెలిసిన దుకాణానికి వెళ్లాం. పాత రకం వద్దు, ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ తీసుకోమని దుకాణం అతను పట్టుబట్టాడు.

“ఇండ్ల అద్దమే ఉండదక్కా. లోపట చిన్న టీవీ అసొంటిది ఉంటది, అండ్ల సూసుడే. మీ పాత లెన్సుకు ఈ రింగు పెడితె పని జేస్తది. మనిషి కన్నును అదే దేవులాడి పట్టుకుంటది. గీ బటన్ ఒత్తున్రి, ఇగ చప్పుడే రాదు. చెవు పక్కన తీసినా తెల్వది.”

నా భర్త కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. “గా దినం ఇదే ఉంటె నా చెయ్యి దక్కేది” అన్నాడు.

కొన్నాళ్లు ఆ కెమెరా నాకు పరాయిగానే ఉంది. బటన్లు వేరే చోట ఉన్నాయి, బొటనవేలు అలవాటైన చోటికి పోయి తడుముకునేది. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోయేది. మా బాపు మీద మొదట పరీక్షించాను. ఆయన నుదుటి మీద నీలం గీత ఉంటుంది. గని లోపల పైకప్పు బొగ్గు విరిగిపడ్డప్పుడు గాయంలోకి బొగ్గుపొడి ఇంకిపోయి మిగిలిన గుర్తు. ఇన్నేళ్లు అది ఒక గీత అనే అనుకున్నాను. పెద్దది చేసి చూస్తే చిన్న చిన్న చుక్కలు, ఒక్కొక్క చుక్క విడివిడిగా. బాపు చాలాసేపు చూశాడు.

“గింత దెబ్బ తాకిందా నాకు?” అన్నాడు.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. పాత కెమెరాలో ఫోటో పడే క్షణాన అద్దం లేచి కంటి ముందు నల్లగా అయిపోయేది. అంటే అన్నేళ్లలో నేను తీసిన ఏ క్షణాన్నీ నేను నేరుగా చూడలేదు. ఇందులో ఆ చీకటి లేదు. నొక్కినంతసేపూ కనిపిస్తూనే ఉంటుంది.

జూన్ మొదట్లో కాగజ్‌నగర్ అవతల ఒక పెళ్లికి వెళ్లాం. రైల్లో పోయి, అక్కణ్నుంచి ఆటోలో. ఒక్క చేత్తో లైటు పట్టుకుంటానని నా భర్త కూడా వచ్చాడు. లగ్నం పన్నెండింటికి. పది గంటలప్పుడు ఆయన పందిట్లో ఉన్నాడు, నేను పెళ్లికూతురి గదిలో ఉన్నాను. నర్సు కోర్సు పూర్తి చేసిన పిల్ల. తండ్రి లేడు, ఇంటి పెత్తనం అన్నదే. జడ వేసే ఆవిడ పూలు తేవడానికి బయటికి వెళ్లింది. పెళ్లికూతురు అద్దం ముందు కూర్చుంది. నేను గది మూల నుంచి, చప్పుడు ఆపేసి, ఆ పిల్లకు తెలియకుండా సహజంగా ఉండే ఫోటోల కోసం చూస్తున్నాను.

తలుపు ధడేలున తెరుచుకుంది. ఆమె అన్న వచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది. లోపలికొచ్చి గడియ పెట్టాడు. మూలనున్న నన్ను చూడలేదు.

“పెండ్లికొడుక్కు ఫోన్ జేసినవా? ఈ పెండ్లి ఇష్టం లేదని చెప్పినవా?”

“చెప్పిన” అంది. లేచి నిలబడింది. “వాడు నీ తాగుడు దోస్తు. నీ చేతి దెబ్బలు సాలవా అన్నా, ఇగ వాని చేతిల గుడ పడాల్నా?”

చెంప మీద కొట్టాడు. ఆమె తేరుకునేలోపే ఇంకోటి. జడ పట్టుకుని బీరువాకేసి తలను కొట్టాడు. పాపిట బిళ్ల ఊడి నేల మీద పడింది. ఆమె కూర్చుండిపోతే పొట్టలో తన్నాడు. పెద్దగా అరుపులు లేవు, పందిట్లో వినబడకూడదని ఇద్దరూ గొంతు అణుచుకున్నారు. అన్నాచెల్లెళ్లకు అది అలవాటైన పద్ధతి అని అర్థమైంది.

నేనూ అరవలేదు. కెమెరా అప్పటికే కంటి దగ్గర ఉంది, వేలు బటన్ మీద ఉంది. నొక్కి పట్టుకున్నాను. చప్పుడు లేదు, చీకటి లేదు. ఎత్తిన చెయ్యి, దిగిన చెయ్యి, పక్కకు పోయిన ముఖం, అన్నీ చూశాను. కెమెరా తన పని తాను చేస్తోంది. చిన్న ఆకుపచ్చ చతురస్రం ఆ పిల్ల కన్ను మీద వాలింది. తల ఎటు ఊగితే అది అటు పోయింది, ఒక్కసారి కూడా కన్ను వదల్లేదు. ఆఖరికి ఆ కన్ను నన్ను చూసింది. లెన్సును కాదు, నన్ను.

అప్పుడు కెమెరా మెడలో వదిలేసి అతని చెయ్యి పట్టుకున్నాను. అతను ఉలిక్కిపడి మోచేత్తో నా మూతి మీద పొడిచాడు. పెదవి చీలింది. నోట్లో ఉప్పగా అయింది. ఈలోగా తలుపు బాదుతున్నారు. అతను గడియ తీసి బయటికి పోయాడు. తల్లి లోపలికొచ్చింది. నేల మీది బిళ్ల ఏరి కూతురి చేతిలో పెట్టింది.

“ఏం కాలేదు బిడ్డా, ఏం కాలేదు” అని, నా వైపు తిరిగింది. “జర బుగ్గకు పౌడర్ గట్టిగ పెట్టియ్యు తల్లీ. ఫోటోల కనబడొద్దు.” పెళ్లివారు వస్తున్నారని ఎవరో పిలిస్తే తల్లి వెళ్లిపోయింది.

పెళ్లికూతురు గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటోంది.

“అక్కా, ఫోటోలు పడ్డయా?”

“పడ్డయ్.”

“ఠాణా దగ్గర్నే ఉన్నది. నాతోటి వస్తవా?”

నేను ఆలోచించానని చెప్పలేను. వంటలు జరిగే వెనక వాకిలి నుంచి బయటపడ్డాం. పెద్ద గుండిగలో అన్నం కలుపుతున్న మనిషి గరిటె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. పట్టుచీరలో, చెదిరిన జడతో ఆ పిల్ల ముందు, రక్తం తుడుచుకుంటూ నేను వెనక. నడుస్తూనే నా భర్తకు ఫోన్ చేశాను.

ఠాణాలో ఎస్సై అంతా విన్నాడు. “అన్నాచెల్లెండ్ల లొల్లి. పెండ్లి ఇంట్ల గిసొంటియి అయితయి. పోయి కూసోని మాట్లాడుకోన్రి” అన్నాడు.

నేను కెమెరా వెనక తెర ఆయన ముందు పెట్టి చక్రం తిప్పాను. ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. చెయ్యి లేచింది, దిగింది, తల బీరువాకు తగిలింది. ఎస్సై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పక్కన నిలబడ్డ ఆడ కానిస్టేబుల్ “ఆపుండ్రి అక్కా” అని ముఖం తిప్పుకుంది. ఎస్సై కాగితం తీసి పెళ్లికూతురి పేరు అడిగాడు.

అంతలో అన్న వచ్చాడు, వెంట ఇంకో ఇద్దరు. ఠాణా ఆవరణలోనే నా మీద పడి కెమెరా పట్టీ పట్టుకున్నాడు. ఈసారి నేను వదల్లేదు. అతని మణికట్టు కొరికాను. పళ్లు దిగాయి. అతను రెండో చేత్తో నా జుట్టు పట్టుకున్నాడు. అప్పుడే ఆటో దిగిన నా భర్త మంచి చేత్తో అతని నడుము పట్టి లాగుతున్నాడు. కానిస్టేబుళ్లు ఇద్దరు ఉరికొచ్చారు.

వాళ్లు అతన్ని విడదీసి ఊరుకోలేదు. లాఠీలతో పిక్కల మీద, వీపు మీద, ముడుచుకున్న మోకాళ్ల మీద కొట్టారు. వెంట వచ్చిన ఇద్దరూ పరారయ్యారు. అతను మట్టిలో దొర్లుతూ “అవ్వా, అవ్వా” అని మొత్తుకున్నాడు. ఒక చెప్పు ఊడి గేటు దగ్గర పడింది. నాకు మళ్లీ అదే హాయి. పెదవి మంట మర్చిపోయాను. కెమెరా ఎప్పుడు లేపానో తెలియదు. కంటి ముందు ఆకుపచ్చ చతురస్రం ఈసారి అతని కన్ను మీద ఉంది.

“సాలు సార్! ఇగ కొట్టకున్రి!” పెళ్లికూతురు మెట్లు దిగి వాళ్లకూ అతనికీ మధ్య నిలబడింది. లాఠీలు ఆగాయి. ఆమె నా వైపు తిరిగింది.

“గిది గుడ తీస్తున్నవా అక్కా?”

కెమెరా దించాను.

తర్వాత నా పక్కన బల్ల మీద కూర్చుని మెల్లగా అంది: “నన్ను కొట్టినయి ఉంచు. అన్నను కొట్టినయి తీసెయ్యి.” ఆమె చూస్తుండగానే తీసేశాను. అది సరైన పనో కాదో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. పోలీసులు చేసింది కూడా దెబ్బలే, వాటికి ఇప్పుడు సాక్ష్యం లేదు. కానీ తీసేయమని అడిగింది ఆ దెబ్బలు తిన్నవాడి చెల్లెలే.

లగ్నం జరగలేదు. పెళ్లికొడుకు వాళ్లు సగం దారిలోనే వెనక్కి తిరిగారట. సాయంత్రానికి కరీంనగర్ నుంచి ఆమె చిన్నమ్మ వచ్చి తీసుకుపోయింది. తల్లి ఠాణా గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడి, కొడుకు చెప్పు ఏరుకుని వెళ్లింది.

మాకు ఆ వైపు పెళ్లిళ్లు లేకుండా పోయాయి. పెళ్లి చెడగొట్టినవాళ్లమని పేరొచ్చింది. పది రోజులకు పట్టపగలు ఇద్దరు బండి మీద వచ్చి స్టూడియో అద్దం మీదికి ఇటుక విసిరారు. గాజు పెంకు నా భర్త కనుబొమ్మ కింద దిగింది. కన్ను తప్పింది.

“గా పిల్లతోటి ఎందుకు పోయినవే?” అని ఆ రోజు అడిగాడు, ఆసుపత్రి బల్ల మీద కుట్లు వేయించుకుంటూ.

“నన్ను సూసిందయ్యా” అన్నాను. “నేను ఊకె నిలబడి తీసుకుంట ఉంటె సూసింది.”



కేసు నడిచింది. ఫోటోలు ఇచ్చాను, రెండుసార్లు కోర్టుకు పోయి సాక్ష్యం చెప్పాను. అన్న కొన్నాళ్లు లోపలుండి వచ్చాడు. జమ్మికుంట బావ సంగతి మాత్రం ఏమీ తేలలేదు. అతను మా మీద, మేం అతని మీద ఫిర్యాదులు పెట్టుకుని, చివరికి ఇద్దరమూ రాజీ కాగితం మీద సంతకాలు చేశాం. అతని దవడ కొంచెం పక్కకు ఉంది. సంతకం చేసేటప్పుడు నేను దాని వైపు చూడలేకపోయాను.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఆ పిల్ల మా స్టూడియోకు వచ్చింది. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో చేస్తోందట, సర్కారు నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలట.

“పాస్‌పోర్ట్ సైజు కావాలక్కా. కరీంనగర్‌ల గుడ తీస్తరు గని, ఇటు రావాలనిపిచ్చింది.”

స్టూలు మీద కూర్చోబెట్టాను. కనుబొమ్మ పక్కన సన్నటి మచ్చ ఉంది. పౌడర్ అద్దనా అని అడిగితే వద్దంది. నేను కెమెరా ఎత్తగానే ఆమె భుజాలు బిగుసుకున్నాయి. నా చేతులు కూడా.

“చెవులు కనబడాల్నట” అంది, వెంట్రుకలు వెనక్కి దోపుకుంటూ.

“జర గడ్డం పైకి” అన్నాను.