ఆర్డరుకు పసుపు పెట్టిన నెల

మా చేను మీదుగా పోయే పెద్ద కరెంటు లైను ఆ ఏడు వానలకు కిందికి దిగింది. గట్టు కోసుకుపోయి ఒక స్తంభం ఒరిగింది, తీగ జారి మేం నడిచే బాట మీదికొచ్చింది. నేను చెయ్యెత్తినా అందదు. నాకన్నా బెత్తెడు ఎత్తున్న నా భార్య నెత్తిన గడ్డిమోపు పెట్టుకుంటే మాత్రం అందుతుంది. పొట్టివాడిగా పుట్టినందుకు నేను సంతోషించింది నా బతుకులో ఆ ఒక్క ఏడే.

ఇంకో బాట లేదు. అటు వాగు, ఇటు పక్కవాళ్ల ముళ్లకంచె. ఆ పక్క చేనాయన తడిసిన చొప్ప బండికెత్తి తోలుకుపోతుంటే పైచొప్ప తీగకు తగిలింది. ఎద్దు ఒకటి నిలుచున్నచోటే కూలింది. బండి దిగి ముందు నడుస్తున్నాడు కాబట్టి ఆయన బతికాడు. ఆ ఎద్దును నేను కళ్లారా చూశాను. తర్వాత చాలా రోజులు అన్నం కలుపుకుంటుంటే నా చెవిలో ఆ తీగ గుయ్యిమనేది.

నా భార్య రోజూ సాయంత్రం బర్రెకు గడ్డి తెచ్చేది ఆ బాటనే. తీగ దగ్గర మోపు దించి, ఈడ్చుకుని అవతలికి పోయి, మళ్లీ ఎత్తుకునేది. మొదట్లో భయపడింది. పోనుపోను అలవాటైంది. ఆమె భయం పోయిన రోజు నుంచి నా భయం రెండింతలైంది.

"ఇయ్యాల మోపు దించినవా?" అని అడిగేవాణ్ని.

"దించిన."

"నిజం జెప్పు."

"దించకపోతే నీతోని ఎట్ల మాట్లాడుతున్ననయ్యా? దయ్యమై వచ్చిన్నా?"

మా ఇంట్లో పరాచికాలకు మొత్తం గుత్తేదారును నేనే అనుకునేవాణ్ని. ఆ మాటకు మాత్రం నవ్వలేకపోయాను.

కరెంటాఫీసులో మూడు దరఖాస్తులు ఇచ్చాను. మూడుసార్లూ "చూస్తం" అన్నారు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో మా దిక్కు ఆఫీసుల్లో "చూస్తం" అంటే, ఇక మళ్లీ చూడరని అర్థం. చివరికి నాగర్‌కర్నూల్‌లో ఒక వకీలు దగ్గరికి పోయాను.

"తీగ సక్కగ పెట్టుడు వాళ్ల డ్యూటీ. చెయ్యకుంటే, చెయ్యమని హైకోర్టు జెప్తది" అన్నాడాయన.

"చెప్తే ఇంటరా సార్? నేను జెప్తే మా బర్రె గూడ ఇనదు."

"నీ బర్రెకు నౌకరి పోతదన్న భయం లేదు గదా."

ఆయన చేతనే కేసు వేయించాను. కొన్ని నెలలకు ఆర్డరొచ్చింది. వకీలు రెండు కాపీలు నా చేతిలో పెట్టి చదివి చెప్పాడు. "ఈ కాగితం ముట్టిన దినం నుంచి నాలుగు వారాలల్ల తీగ సరిచెయ్యాలని ఉన్నది. ఒక కాపీ ఆఫీసుల ఇయ్యి. రెండోదాని మీద ముట్టినట్టు ముద్ర ఏపిచ్చుకో."

నా చెవికి ఎక్కింది నాలుగు వారాలు అన్న ముక్క ఒక్కటే. నేను ఏడో తరగతిలో బడి మానినవాణ్ని. ఆ కాగితం నిండా ఇంగ్లీషు, కింద గుండ్రటి ముద్ర. నా పేరు ఒక దిక్కు, ఇంకో దిక్కు సర్కారంతా. అంత పెద్ద కోర్టు చెప్పిన మాటను మోసుకుపోయి వాళ్లకు చెప్పడానికి నేనెవణ్ని? కోర్టే మనిషిని పంపుకుంటుంది అనుకున్నాను. రెండు కాపీలూ తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను. నా భార్య వాటికి పసుపు కుంకుమ పెట్టి ఊదుబత్తి వెలిగించింది. నేను సోమవారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

నాలుగు సోమవారాలు పోయాయి. ఎవరూ రాలేదు. మొగులు కమ్ముకొస్తోంది. అయిదో సోమవారం నాడు వాటిని సంచిలో పెట్టుకుని ఆఫీసుకు పోయాను.

"సారూ, మీ గడువు దాటిపోయింది" అన్నాను క్లర్కుతో.

"ఏం గడువయ్యా?"

"హైకోర్టుది."

"మాకేం రాలే."

"హైదరాబాదు నుంచి నడిచొచ్చినా నాలుగు వారాలకు అందుతది గద సారూ."

"నువ్విచ్చినవా? మా ముద్రేది, చూపెట్టు."

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆయన రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "ఇదేంది, పెండ్లి పత్రికనా?"

గదంతా నవ్వింది. ఎక్కడ నవ్వు లేచినా అందరికన్నా ముందు నవ్వేవాణ్ని, అక్కడ నిలుచుండిపోయాను. ముట్టిన దినం అంటే కాగితం ఆఫీసుకు అందిన దినమని అప్పుడు తెలిసింది. ఆ నాలుగు వారాలు ఇంకా మొదలే కాలేదు. ఆ నెలంతా నా భార్య ఆ తీగ కిందనే నడిచింది.

"ఇప్పుడన్న ముద్ర ఏయుండ్రి సారూ."

"సారు లేడు. సారు చెప్తేనే ఏస్త."

"ఎప్పుడొస్తడు?"

"తెల్వదు. సారు మీదనే కేసేసి, సారు కోసమే కూసుంటవా?"

బయటికొచ్చి ఎస్టీడీ డబ్బా నుంచి వకీలుకు ఫోన్ చేశాను.

"ముద్ర ఏపిచ్చుకోమంటే పూజ చేసినవా?" అని ఆయన అరిచాడు. "ఇప్పుడే పోస్టాఫీసుకు పో. రిజిష్టర్ చెయ్యి, ముట్టినట్టు కార్డు జతచెయ్యి. వాళ్లు సంతకం పెట్టిన దినం నుంచి లెక్క."

పోస్టు చేసి బస్సెక్కాను. తెలకపల్లి దాటేసరికి వాన అందుకుంది. గడ్డి తడుస్తుంది. తడి గడ్డి, తడి చెయ్యి, ఆ ఎద్దు. మనసు ఆ మూడింటి మధ్యనే తిరిగింది. బస్సు దిగి చేనిదాకా ఉరికాను. ఆమె బాట మీద మోపు ఈడ్చుకుంటూ కనబడింది.

"ఏమైంది? ఎవలన్న సచ్చిండ్రా?" అంది.

"ఎవలు సావలే. నాలుగు వారాలు ఇంక షురూ గాలేదంట."

ఆ రోజు నుంచి మోపు నేనే తెచ్చాను. అంతకుముందే తేవాల్సింది.

కార్డు సంతకంతో తిరిగొచ్చింది. మూడో వారంలో లైన్‌మన్లు జీపులో దిగారు. సరఫరా ఆపి, ఒరిగిన స్తంభాన్ని నిలబెట్టి, నడుమ కొత్తది ఒకటి పాతారు. ఒకతను కాగితం పట్టుకొచ్చాడు.

"అన్నా, పని అయిందని సంతకం పెట్టు."

"ఎంత ఎత్తున్నదో కొలిచి చూపెట్టు."

"నువ్వే జడ్జివైనవ్ గదనే!" అంటూనే వెదురు కర్రతో కొలిచాడు. నేను పేరు గీశాను. వాళ్లు పోయాక కాసేపటికి సరఫరా వచ్చింది. తీగ మళ్లీ గుయ్యిమంది.

నా భార్య మోపు ఎత్తుకుంది.

"జర ఆగు" అన్నాను.

"ఇంకెందుకు ఆగుడు? బర్రె అరుస్తున్నది."

ఆగకుండా, దించకుండా తీగ కింద నడిచింది. తీగకూ మోపుకూ మధ్యనున్న ఆ ఖాళీని మాత్రమే చూస్తూ నేను నిలబడ్డాను. అవతలికి పోయి వెనక్కి తిరిగింది.

"ఏందయ్యా, ఆడనే నిలవడ్డవ్? రా."

"వస్తున్న" అన్నాను. అంత ఎత్తున ఉన్న తీగ కింద కూడా తల వంచుకునే నడిచాను.