బ్రూనోకు నేను కట్టిన రేటు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది నేను హుజూరాబాద్ దగ్గరి ఒక మండల కేంద్రంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ మీద చేరాను. హోదా పేరులో అసిస్టెంట్ అని ఉన్నా మండలానికంతా పశువుల డాక్టర్ నేనొక్కణ్ణే. పొద్దున ఓపీ, మధ్యాహ్నం నుంచి ఊళ్ల మీద టీకాలు, గొర్రెలకు నట్టల మందు. కుక్కలు వచ్చేవి తక్కువ. అయితే జాతికుక్కలను పెంచే సరదా అప్పటికే మా వైపు కూడా పాకింది. దాంతోపాటే వాటి క్రాసింగ్ పంచాయితీలు మా టేబుల్ దగ్గరికి రావడం మొదలైంది.

జత కట్టించినందుకు ఆడకుక్క యజమాని మగకుక్క యజమానికి ఇచ్చేదాన్ని క్రాసింగ్ ఫీజు అంటారు. దానికి రాసిపెట్టిన చట్టమేమీ లేదు, వాడుకే. పుట్టిన పిల్లల్లో నచ్చినదాన్ని మగకుక్క యజమాని ముందుగా ఎంచుకుని తీసుకుపోతాడు. లేదంటే ఒక పిల్ల అమ్ముడుపోయే ధర నగదుగా పుచ్చుకుంటాడు. చూలు నిలవకపోతే మరుసటి ఎదకు మళ్లీ ఉచితంగా దాటించాలి. ఇద్దరికీ కుదరనప్పుడు డాక్టర్‌ను అడుగుతారు. డాక్టర్ కుక్క వయసు, కాగితాలు, ఆరోగ్యం చూసి ఒక మాట చెబుతాడు. ఆ మాటను ఎవరూ కాదనరు.

తిరుపతి రెడ్డి గారిది గ్రానైట్ వ్యాపారం. మా ఆసుపత్రిలో పశువులు జారిపడుతున్నాయని ఒకసారి అంటే, గరుకు రాళ్లు పంపి నేలంతా పరిపించిన మనిషి. పైసా తీసుకోలేదు. ఆయన జర్మన్ షెపర్డ్ పేరు బ్రూనో. నిలబడితే చూడముచ్చటగా ఉండేది కానీ నడుస్తుంటే వెనక భాగం కొద్దిగా ఊగేది. అనుమానం వచ్చి ఆ వేసవిలో కరీంనగర్‌లో ఎక్స్‌రే తీయించాను. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాపి తీసే ఎక్స్‌రే అది. తుంటి గిన్నె లోతు తక్కువగా ఉంది. తొడ ఎముక గుండు అందులో సగమే కూర్చుంది. దీన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటాం. ఇది రక్తంలో వచ్చే లోపం, పిల్లలకూ దిగుతుంది. ఇలాంటి కుక్కను క్రాసింగ్‌కు వాడకూడదు. రెడ్డి గారికి ఆ మాట చెప్పాను.

"మంచిగనే ఉరుకుతుంది గద డాక్టర్ సాబ్. ఫికర్ చెయ్యకున్రి," అన్నారాయన. నేను రెట్టించలేదు.

ఆ చలికాలంలో ఎస్తేరమ్మ వచ్చింది. హుజూరాబాద్‌లో టైలరింగ్ షాపు నడుపుకునే మనిషి. మిలిటరీలో ఉన్న ఆమె తమ్ముడికి దూరం బదిలీ అయితే తన ఆడ షెపర్డ్ రూబీని అక్క దగ్గర వదిలిపెట్టి వెళ్లాడు. పద్ధతి గల మనిషిలా ఉన్నాడు, రూబీ కాగితాలతో పాటు తుంటి ఎక్స్‌రే కూడా పెట్టాడు. అందులో ఏ లోపమూ లేదు. రూబీ ఎదకు వచ్చి అది పదకొండో రోజు. స్మియర్ పరీక్ష చేసి, దాటించడానికి ఇదే సమయమని నేనే చెప్పాను. మగకుక్క కోసం ఆమె అప్పటికే తిరుపతి రెడ్డి గారిని అడిగింది. ఆయన ఒక పిల్ల ధర మొత్తం అడిగారు. ఇద్దరూ కలిసి నా గదికి వచ్చారు.

"మీరెంతంటె గంతె సార్. నాకు కుక్కల సంగతి తెల్వది," అంది ఎస్తేరమ్మ.

చెప్పాలనే అనుకున్నాను. ఒకరి కుక్క రిపోర్టు ఇంకొకరి ముందు పెట్టకూడదు కదా అని ఒక నియమం గుర్తు చేసుకున్నాను. ఆ నియమం ఉన్న మాట నిజమే. కానీ "ఈ కుక్కకు నేను రేటు కట్టను" అనడానికి నాకు ఏ నియమమూ అడ్డం లేదు. మా కాళ్ల కింద ఉన్నవి రెడ్డి గారి రాళ్లు. "సగం ధర న్యాయం" అన్నాను. లోపం ఉంది కనుక సగానికి తగ్గించాను, ఎవరికీ అన్యాయం జరగలేదు అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

రెడ్డి గారు నా వైపు ఒక్క క్షణం చూశారు. ఎందుకు తగ్గించానో ఆయనకు తెలిసింది. "సరే, సాబ్ మాట," అన్నారు. ఎస్తేరమ్మ మాత్రం తన పరిస్థితి చూసి తగ్గించాననుకుంది. "దేవుడు మిమ్ముల సల్లగ సూడాలె సార్," అని చేతులు జోడించింది. నేను ఆ నమస్కారం తీసుకున్నాను.

ఒకరోజు విడిచి రెండుసార్లు దాటించారు. నెలలు నిండి ఏడు పిల్లలు పుట్టాయి. అన్నిటినీ ఆమె చర్చివాళ్లు, షాపుకు వచ్చేవాళ్లే కొనుక్కున్నారు.

పిల్లలకు ఏడో నెల వచ్చేసరికి ఒకటి పడుకున్న చోటి నుంచి లేవడానికి అవస్థ పడుతోందన్నారు. తర్వాత ఇంకో రెండు. పరుగెత్తితే వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతేవి. ఎస్తేరమ్మ ఒకదాన్ని ఆటోలో తీసుకొచ్చింది.

"నేనేమన్న తినవెట్టరానిది తినవెట్టిన్నా సార్?" అని అడిగింది.

నున్నటి టైల్స్ మీద పెరగడం, తిండి ఎక్కువై బరువు పెరగడం కూడా కారణం కావచ్చన్నాను. అవి రోగాన్ని పెంచుతాయి, పుట్టించవు. ఆ రెండో ముక్క నేను చెప్పలేదు. ఆమె తలూపి, పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది. రేటు కట్టినందుకన్నా ఆ రోజు ఆమెకిచ్చిన జవాబుకే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గు.

తర్వాత సంగతులు ఒక్కొక్కటిగా తెలిశాయి. అవిటి పిల్లలను అంటగట్టిందని ఒకామె షాపు ముందే నిలబడి తిట్టిందట. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు జరిగి కూర్చోవడం మొదలుపెట్టారట. ఆ మూడు పిల్లలను ఆమె వెనక్కి తీసుకుని ఎవరి డబ్బు వాళ్లకు ఇచ్చేసింది.

మరుసటి ఎండాకాలం రూబీని తీసుకొచ్చి గర్భసంచి తీసేయమంది. "మా రూబీలనే దోషమున్నది సార్. దీనికి ఇగ పిల్లలద్దు."

సమ్మతి ఫారం మీద సంతకం పెట్టింది. ఆపరేషన్‌కు కారణం రాసే గడి నేను నింపాలి. తీసిన పెన్ను పక్కన పెట్టేశాను. దోషం రూబీది కాదని, బ్రూనోదని, క్రాసింగ్‌కు ముందే నాకు తెలుసని చెప్పాను.

ఆమె రూబీ మెడపట్టీ విప్పి, మళ్లీ పెట్టింది.

"రేటెంతని అడిగిన గని, కుక్క మంచిదేనా అని నేను అడగలే సార్. మీరు రేటు చెప్పిన్రంటె మంచిదే అనుకున్న."

క్షమించమన్నాను.

"నాకు చెప్తె ఏమస్తది? గా ముగ్గురిండ్లకు వోయి చెప్పున్రి," అని రూబీని తీసుకుని బయటికి నడిచింది. ఆపరేషన్ జరగలేదు.

బ్రూనోను ఇక క్రాసింగ్‌కు వాడొద్దని రెడ్డి గారికి రాసిచ్చాను. ఆయన కాగితం చదివి, "రేటు కట్టింది మీరే గద సాబ్," అన్నారు.

ఎస్తేరమ్మ చెప్పిన ఇళ్లలో మొదటిది ఒక రిటైర్డ్ టీచరుది. అంతా విని, "గామెను ఎన్ని మాటలన్నమో! అప్పుడు మీరేడున్నరు సార్?" అన్నారాయన. రెండో ఇంట్లో గుమ్మంలోనే నిలబెట్టి విన్నారు. మూడో ఇంటికి పోలేదు. ఆలోపు అసిస్టెంట్ డైరెక్టర్‌గా ప్రమోషన్ మీద ఆదిలాబాద్‌కు ఆర్డర్లు వచ్చాయి. రిలీవ్ కావడానికి ఇంకా వారం గడువుంది. ఆ ఇల్లు బండి మీద అరగంట దూరం. పోవచ్చు, కానీ పోలేదు.

ఆదిలాబాద్‌లోనూ, ఆ తర్వాత రిటైరయ్యేదాకానూ, క్రాసింగ్ ఫీజు అడిగినవాళ్లకు రెండు కుక్కల ఎక్స్‌రేలూ ఇద్దరి ముందూ పెట్టకుండా అంకె చెప్పలేదు. ఒప్పుకోనివాళ్లను వెనక్కి పంపేశాను. డాక్టర్ రేటు చెప్పాడంటే ఆ కుక్క పనికొస్తుందని పూచీ పడ్డట్టే వినేవాళ్లకు అర్థం. లోపం దాచి ధర తగ్గిస్తే ఆ పూచీ తగ్గదు. బ్రూనోకు న్యాయమైన రేటంటూ లేదు. ఆ రోజు నా గదిలో నేను చెప్పవలసింది అదొక్కటే.