తలుపు ఎటు తెరుచుకునేది?

బడిలో పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు రబ్బరు మాస్టారు. డ్రాయింగ్ క్లాసులో ఎవరు బొమ్మ చూపించినా దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, "ఇదిగో, ఇక్కడ చెరిపి మళ్ళీ వెయ్యి" అనడం ఆయన అలవాటు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేత కూజాలూ కుర్చీలూ గీయిస్తూ కాలక్షేపం చేసిన మనిషి.

ఆ ఏడాది మధ్యలో చరిత్ర టీచరు పురిటికి సెలవు పెట్టింది. ఆవిడ బదులు ఎవరూ దొరకలేదు. హెడ్మాస్టరు స్టాఫ్ రూమంతా ఒకసారి కలయజూసి డ్రాయింగ్ మాస్టారి దగ్గర ఆగాడు.

"ఎనిమిదో తరగతి చరిత్ర మీరు చూసుకోండి మాస్టారూ."

"నాకు చరిత్ర ఒక్క ముక్క రాదండీ."

"పుస్తకంలో ఉన్నది చదివి చెప్పడమేగా!"

పుస్తకంలో పెద్ద ప్రమాదాల గురించి ఒక పాఠం ఉంది. మునిగిన ఓడలు, కూలిన గనులు, తెగిన ఆనకట్టలు. వాటి మధ్య ఆ బడి ఉన్న ఊరి సినిమాహాలు గురించి కూడా రెండు వాక్యాలున్నాయి. నలభై ఏళ్ళ కిందట మధ్యాహ్నం ఆటలో మంటలు లేచాయి. అరవై ముగ్గురు చనిపోయారు. అంతే. మాస్టారు చదువుతుంటే సగం క్లాసు ఆవులించింది. ఆయనకే విసుగొచ్చి పుస్తకం మూసి, సుద్దముక్క అందుకుని బోర్డు మీద హాలు గీశాడు. తెర, బెంచీలు, ప్రొజెక్టరు గది కిటికీలోంచి పొగ, పక్కన తలుపు. వెనక బెంచీల వాళ్ళు కూడా మెడలు చాచారు.

అప్పుడు మూడో వరసలోంచి కళ్ళజోడు పిల్ల లేచింది. "మాస్టారూ, ఆ తలుపు ఎటు తెరుచుకునేది?"

"ఎటైతే ఏమిటమ్మా?"

"బయటికైతే తోస్తే తెరుచుకోవాలి కదండీ? మరి అంతమంది ఎందుకు చనిపోయారు?"

మాస్టారు తను గీసిన తలుపు వైపు తిరిగాడు. మాటల్లో రాసేవాడు 'తలుపు' అని రాసి తప్పించుకోవచ్చు. గీసేవాడు మాత్రం దాన్ని ఏదో ఒక వైపు తెరవాల్సిందే. "కనుక్కుని చెప్తా" అన్నాడు. పిల్లలు నమ్మలేదు. పెద్దవాళ్ళు ఆ మాట చాలాసార్లు అంటారు.

ఊళ్ళో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. టిక్కెట్ లేనివాళ్ళు దూరకుండా గేట్‌కీపరు పక్క తలుపుకి బయట తాళం వేశాడు, మంటలు రాగానే పారిపోయాడు. అందరూ కళ్ళతో చూసినట్టే చెప్పారు. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆదివారం మాస్టారు ఆ హాలుకే వెళ్ళాడు. ఇప్పుడది కుర్చీలూ బీరువాలూ నిలవ చేసుకునే గోడౌను. తలుపు ఎప్పుడో పోయింది గానీ, పొగచూరిన ద్వారబంధం అలాగే ఉంది. బందులు బిగించిన గుర్తులు లోపలి అంచున కనిపించాయి. అంటే తలుపు లోపలికే తెరుచుకునేది. బయటి వైపు వేలితో పైనుంచి కిందిదాకా తడిమి చూశాడు. గొళ్ళెం కోసం కొట్టిన చిల్లు ఒక్కటీ తగల్లేదు. కొట్టి పూడ్చిన గుర్తు కూడా లేదు. లోకమంతా వేశాడన్న తాళం ఎక్కడ వేశాడు మరి? మాస్టారికి ఇక కాలు నిలవలేదు.

గేట్‌కీపరు బతికే ఉన్నాడు. బస్టాండు వెనక సందులో గొడుగులు బాగుచేస్తున్నాడు. మాస్టారు సినిమాహాలు మాట ఎత్తగానే ముసలాయన మొహం తిప్పుకున్నాడు.

"గొడుగుంటే ఇవ్వండి. లేకపోతే దయచెయ్యండి."

మాస్టారు, హాలు చూడకముందు ఇంట్లో గీసుకున్న బొమ్మ కాగితం ఆయన ముందు పరిచాడు. అందులో తలుపు బయటికి తెరిచి ఉంది. ముసలాయన చూడనట్టే చూశాడు. చేతిలో ఊచ కింద పెట్టాడు.

"తప్పు. తలుపు ఇటు కాదు."

"మరెటు?"

"లోపలికి. నేను బయట్నించి భుజం పెట్టి తోశాను బాబూ. లోపల జనం మొత్తం దాని మీద పడిపోయారు. వాళ్ళు తోస్తున్నారు, నేనూ తోస్తున్నా. ఎలా వస్తుందది?"

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా?"

"మొదటి ఏడాదంతా చెప్పాను. తాళం ఎందుకేశావనే అడిగారు గానీ తలుపు సంగతి ఎవడికి కావాలి?" చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ రబ్బరు ఇలా ఇవ్వు."

తలుపు బొమ్మను ఆయనే చెరిపాడు. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మాస్టారు ఆ సందులోనే గడిపాడు. ముసలాయన చెప్పిందంతా పిల్లల కోసం బొమ్మల పుస్తకంగా గీయడం మొదలుపెట్టాడు.

మాస్టారి భార్య ఆసుపత్రిలో నర్సు. మొదటి పేజీలు చూసి ఆవిడ పెదవి విరిచింది.

"అందరూ నోళ్ళు తెరిచి అరుస్తున్నట్టు వేశారేమిటి? పొగలో అరవడానికి ఊపిరేదండీ? దగ్గుతారు, నేల మీదికి వంగుతారు. ముందు చంపేది మంట కాదు, పొగ."

మళ్ళీ చెరిపాడు. చనిపోయినవాళ్ళను ఎలా చూపించాలో మాత్రం ఇద్దరికీ పాలుపోలేదు. చూపిస్తే పిల్లలు జడుసుకుంటారు. దాచేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. దారి చూపించింది గేట్‌కీపరే. మంటలు లేచిన మర్నాడు పొద్దున హాలు సైకిల్ స్టాండులో ముప్ఫై ఎనిమిది సైకిళ్ళు మిగిలిపోయాయట. ఒకదాని హ్యాండిల్‌కి కూరగాయల సంచీ అలాగే వేలాడుతోందట. మాస్టారు రెండు పేజీల నిండా ఆ సైకిళ్ళే గీశాడు. మాట ఒక్కటీ రాయలేదు.

ముప్ఫై రెండు పేజీల బొమ్మల పుస్తకం బడి జిరాక్స్ మిషను మీద తయారైంది. ఎనిమిదో తరగతిలో ఇద్దరికి ఒకటి చొప్పున పంచారు. సైకిళ్ళ పేజీ వచ్చేసరికి కొందరు వేలుపెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. ఆ తర్వాత ప్రశ్నలు జడివానలా కురిశాయి. అన్ని బెంచీలు ఎందుకు వేశారు? లైట్లు ఎవరు ఆర్పారు? ఇప్పుడు హాళ్ళలో తలుపులు ఎలా ఉన్నాయి? చివరికి కళ్ళజోడు పిల్ల అడగాల్సింది అడిగింది.

"మాస్టారూ, మన బడి తలుపులు?"

పీరియడ్ పక్కన పెట్టి అందరూ వరండాలోకి పరుగెత్తారు. లైబ్రరీ తలుపు లోపలికే తెరుచుకుంటుంది. వెనక మెట్ల దగ్గర ఇనప గేటుకి తాళం, దానికి తుప్పు. తాళంచెవి కోసం అడిగితే ప్యూను గుమస్తాని అడగమన్నాడు, గుమస్తా ప్యూనుని అడగమన్నాడు. హెడ్మాస్టరు మొదట "చదువు మానేసి ఇవేం పనులండీ?" అని గదమాయించాడు. తర్వాత పుస్తకం తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మర్నాడు తాళం పగలగొట్టించాడు. వారం తిరక్కుండా వడ్రంగి వచ్చి లైబ్రరీ తలుపు బందులు మార్చాడు.

పుస్తకం పిల్లల సంచుల్లో ఇళ్ళకు చేరింది. ఊరు ఊరంతా మారిపోయిందని చెప్పలేను. తాళం కథ చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఒక సాయంత్రం మాస్టారు సందులో కూర్చుని ఉండగా ఒక ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆవిడ అన్నయ్య ఆ మంటల్లో పోయాడు. ఇన్నేళ్ళూ ఆ సందువైపు తొంగిచూడని మనిషి. గేట్‌కీపరు లేచి నిలబడ్డాడు, తిట్లకు సిద్ధపడ్డట్టు.

"కూర్చోండి అన్నగారూ, ఒక్కటే అడిగిపోదామని వచ్చాను" అందావిడ. "మంట లేచే ముందు ఆటలో ఏం నడుస్తోంది?"

"దొంగాడు అల్మారాలో దాక్కునే ఘట్టం అమ్మా. హాలంతా ఒకటే నవ్వులు. బయట నిలబడ్డ నాకే నవ్వొచ్చింది."

"మా అన్నయ్యకి అలాంటివంటే మహా సరదా" అందావిడ. స్టూలు దగ్గరికి లాక్కుంది. "ఆ దొంగాడు ఎందుకు దాక్కున్నాడో మొదట్నించి చెప్పండి."