చిమ్మకూడని మూల

నేను చింతామణికి కోడలిగా వచ్చిన ఏడాది మా పెరట్లో కౌజు పిట్టలుండేవి. పాతపాళ్య వైపు నుంచి పిట్టలు పట్టే ముసలాయన ఒకడు వాటి కాళ్లు కట్టి సంతకు తెస్తే, మా ఆయన చూడలేక ఆరింటినీ కొనేశారు. మాది ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు, గుడ్డు కూడా గడప దాటదు. తెచ్చాక వాటిని ఏం చేయాలో ఆయనకే తోచలేదు. చివరికి పెరటి గోడకు ఆనించి కొయ్యలు పాతించి, చుట్టూ ఇనుప వల కొట్టించారు.

ఆ పిట్టల్ని మా వదిన తీసుకుంది. మా ఆయనకు అక్క. పద్నాలుగేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఏం తినాలో, ఏం కట్టుకోవాలో, ఎవరికి ఎదురు రాకూడదో అన్నీ మా అత్తే చెప్పేది. వదిన తనంతట తాను ఏదైనా కోరగా నేను విన్నది ఒక్కటే. ఆ పిట్టలు పిల్లల్ని చేయాలి.

మా ఇంట్లో మడీ శుభ్రం కొంచెం ఎక్కువే. వదిన తెల్లారకముందే స్నానం చేసి, పిట్టల గదిని కూడా చిమ్మి, పేడతో అలికి, ముందర ముగ్గు పెట్టేది. పిట్టలు ఆ నున్నటి నేల మీద ఎక్కడపడితే అక్కడ గుడ్లు వదిలి పోయేవి. దూది పరిచిన బుట్ట పెట్టింది, కుండ పక్కకు వాల్చి పెట్టింది. ఒక్కటీ లోపలికి తొంగి చూడలేదు.

ముసలాయన మళ్లీ వచ్చినప్పుడు వదిన అతన్నే పిలిచి అడిగింది. అతను గది చూసి తల పట్టుకున్నాడు.

"దేవుని గూటి మాదిరి పెట్టుకున్నావు గదమ్మా! ఇది నేల మింద పిట్ట. ఎవురికీ కనపడకుండా దాక్కోవల్ల. బోద కసువు తెచ్చి మూలలో దుబ్బుగా నాటు, పైన ఎండు కంప రొంత ఎయ్యి. ఆ తట్టు చిమ్మొద్దు, అలకొద్దు. పొదిగితే పక్షం మింద రెండు దినాలకు పిల్లలైతాయి."

వదిన గోడ మూలలో చిన్న గుంట తీసి, బోద గడ్డి నాటి, రేగు కంప వంచింది. చేతిలోకి చీపురు తీసుకుని, గుర్తొచ్చి మళ్లీ కింద పెట్టేయడం చాలాసార్లు చూశాను. పది రోజుల్లో ఒక పిట్ట ఆ గడ్డిలో దూరి ఎనిమిది గుడ్ల మీద కూర్చుంది. వదిన ముఖం అంత తేటగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పక్షం గడిచాక "ఇంగ రెండు దినాలే" అని నాతో చెప్పిన మర్నాడే మా మామగారి తద్దినం.

"బ్రామ్మలొస్తారు, పెరట్లో యాడా కసువు కనపడగూడదు" అంది మా అత్త. వదిన తడి గుడ్డ కట్టుకుని మడితో వంటింట్లో ఉంది. పనిమంతురాలు అనిపించుకోవాలని నాకు మహా పిచ్చి. ఒక్కరోజుకేం కాదులే అనుకున్నాను. పిట్ట మేతకు లేచిన సమయం చూసి గుడ్లు జాగ్రత్తగా కొంగులోకి తీశాను. పాత గడ్డి పీకేసి, మూల అలికి, అదే గుంటలో కొత్త గడ్డి పరిచి గుడ్లు తిరిగి పెట్టాను. ముందుకంటే బాగుందనే అనుకున్నాను. మా అత్త కూడా మెచ్చుకుంది.

పిట్ట మళ్లీ ఆ మూలకు పోలేదు. సాయంత్రం వదిన వచ్చి చూసింది. వంగి ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. దాన్ని కింద పెట్టి ఇంకొకటి తీసింది. లోపల పిల్ల చప్పుడు కోసం ఎనిమిదీ అట్లాగే విన్నది. నేనూ ఒకటి ముట్టి చూశాను, చల్లబడిపోయి ఉంది.

"మంచికే చేసినాను వదినా" అన్నాను.

"తెలుసులేమ్మా. ఈ ఇంట్లో నాకు గూడా అందరూ మంచే చేస్తాండారు" అంది.

మర్నాడు పొద్దున తలుపు తీసి, పిట్టల్ని గోడవతలి చేలోకి తనే తోలేసింది. మా ఆయన వేరేవి తెస్తానంటే వద్దంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. క్షమించమని నేను అడగలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకు ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.