రోడ్డు మీద పెట్టిన అన్నం

ఆపరేషన్ ముందు సంతకం పెట్టమని ఎవరైనా కాగితం చాపితే నాకు ఒక విస్తరాకు గుర్తొస్తుంది.

తెలంగాణ ఉద్యమం రోజులు. కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే మా బస్సును దారిలో ఆపేశారు. ఉద్యమకారులు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అందరూ తిన్నాకే బస్సు కదులుతుందన్నారు.

నా పక్కన ముప్పై ఏళ్లయినా నిండని ఒకామె, ఆమెకు అటువైపు అత్త. కోడలి వేళ్లకు బీడీల తంబాకు వాసన. ఆమెకు గర్భసంచి తీయించడానికి జగిత్యాల దవాఖానకు పోతున్నారట. రాత్రి నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"తీసెయ్యాలని ఎవరన్నరు?" అని అడిగాను.

"మా ఊరి ఆర్ఎంపీ అన్నడు. దుబాయి నుంచి మా కొడుకు గూడ ఫోన్ల సరే అన్నడు," అంది అత్త, డ్రైవర్ వైపు చూస్తూ.

"మరి నువ్వేమన్నవమ్మా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "నన్నెవలడిగిన్రక్కా? మందులతోని తగ్గదా అని అడుగుదామనుకున్న. నేను నోరు తెరిసే వరకే అందరు ఒప్పుకున్నరు."

అంతలో కిటికీలోంచి ఎవరో వేడి వేడి పప్పన్నం ఉన్న విస్తరాకు అందించారు. నాకంటే ముందు ఆమె చేయి చాపింది.

అత్త ఆ చేయి పట్టుకుంది. "తినకే. తింటే ఇయ్యాల ఆపరేషన్ చెయ్యరు."

"ఎరుకనే అత్తా."

చేయి విడిపించుకుని ముద్ద కలిపింది. విస్తరిలో ఒక్క మెతుకు మిగల్చలేదు.