బూట్లు విప్పి ఓడెక్కిన దొర

మా పెద్దతాతయ్యకి చూపు పోయాకే నాకు ఆయనతో మాట్లాడడం వచ్చింది. చెప్పుకోవడానికి బాగుండదు కానీ అది నిజం. ఎవరైనా ముఖంలోకి చూస్తుంటే నాకు మాట పెగలదు. డిగ్రీలో వైవా రోజున, జవాబు తెలిసి కూడా, మేడం గారి చెవిదుద్దుల వంక చూస్తూ నిలబడిపోయాను. ఇంట్లో కూడా అంతే. ఏం కావాలన్నా ముందు డైరీలో రాసుకుని, ఆ తర్వాత అమ్మ వంటపనిలో అటు తిరిగి ఉన్నప్పుడు అడుగుతాను.

పెద్దతాతయ్య అంటే మా తాతయ్యకి అన్నగారు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు కాలువల మీద తెరచాప పడవ నడిపే సరంగు. ధాన్యం, కొబ్బరికాయలు వేసుకుని రాజోలు నుంచి కాకినాడ దాకా వెళ్ళేవారట. లారీలు వచ్చాక పడవ ఒడ్డున పడింది, ఆయన మా ఇంటి అరుగు మీదకి చేరారు. కంట్లో నరం ఎండిపోయింది, ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టరుగారు చెప్పేశారు. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద పడకకుర్చీలో కూర్చుని, వీధిలో ఎవరు వెళ్తున్నారో అడుగుల చప్పుడుని బట్టి చెబుతుండేవారు.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం కాలేజీకి వెళ్ళినన్నాళ్ళూ నేను చూసిన నౌకాయానం ఆ పావుగంటే. కానీ చదివింది మాత్రం సముద్రాలు. కాలేజీ లైబ్రరీలో చెదలు పట్టిన పుస్తకాలు పారేస్తుంటే, వాటిలో తెరచాప ఓడల కాలం నాటి ఇంగ్లీషు నవల ఒకటి కనబడింది. అది నేను తీసుకోవచ్చా అని అడగడానికి మూడు రోజులు పట్టింది. మూడోరోజు అడిగితే లైబ్రేరియన్ గారు "ఆ చెత్త నీకెందుకమ్మా, పట్టుకెళ్ళు" అన్నారు.

ఆ పుస్తకమే ఒకరోజు అరుగు మీద కూర్చుని చదువుకుంటున్నాను. పేజీ తిప్పిన చప్పుడు విని పెద్దతాతయ్య అడిగారు.

"ఏం పుస్తకమమ్మా అది?"

"ఓడల కథ తాతయ్యా. తెరచాప ఓడలు."

"ఎన్ని చాపలు?"

నాకు తెలియదు. అట్ట మీది బొమ్మలో లెక్క పెట్టి చెప్పాను, ఒక్కో స్తంభానికి నాలుగు. ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "చదువు" అన్నారు.

అలా మొదలైంది. ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పేదాన్ని. ఆయన చూపు నా మీద ఉండదు కాబట్టి నా గొంతు వణకలేదు. ఓడకి ఒక దొర కెప్టెన్. మంచివాడు, మొండివాడు. శత్రువుల ఓడొకటి అతన్ని తరుముతుంటుంది. తెరచాపల పేర్లు నాకు తెలుగులో రావు. "దాన్నేమంటారు తాతయ్యా" అంటే చేతులు గాల్లో ఆడించి తాళ్ళు ఎటు లాగుతారో చూపించేవారు. మామ్మ ఎదురుగా చేటలో బియ్యం బాగుచేసుకుంటూ వినేది. వరసకి ఆయన బావగారు గనక మామ్మ ఆయనతో నేరుగా మాట్లాడదు. నాలుగడుగుల దూరంలో కూర్చుని కూడా అన్నీ నా ద్వారానే.

"అడగవే మీ తాతని, ఆ దొరకి పెళ్ళాం బిడ్డలు లేరా, అస్తమానం నీళ్ళ మీదే తిరుగుతాడేంటీ అని."

"మీ మామ్మకి చెప్పమ్మా, పెళ్ళాం ఉన్నోళ్ళే ఎక్కువ తిరుగుతారని."

"చెప్పవే, చేసుకోనోళ్ళకి బాగా తెలుస్తాయిలే అని."

ముప్పయ్యో రోజునో ఎప్పుడో, గాలివాన మొదలైన చోట, పుస్తకం అయిపోయింది. కథ అవలేదు. మిగిలిన పేజీలన్నీ చెదలు తినేసి ముద్దయిపోయాయి. ఆ సంగతి నాకు ముందే తెలుసు, ఎలా చెప్పాలో తెలియక వాయిదా వేస్తూ వచ్చాను. మర్నాడు ఆయన నా కోసం ముందే కుర్చీ నీడలోకి జరిపించుకుని కూర్చున్నారు. "గాలి తగ్గిందా?" అన్నారు. నేను డైరీ తెరిచి, పొద్దున్న రాసుకున్న నాలుగు పేజీలు చదివాను. గాలి తగ్గింది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే రాయడం, మధ్యాహ్నం చదవడం. డైరీలో నా గురించి రాసుకోవడం మానేశాను. నా చేతికి వచ్చాక ఓడ తిన్నగా ఉండలేదు, నెమ్మదిగా బంగాళాఖాతంలోకి వచ్చేసింది. ఓడలో పనిచేసే కళాసీలు గంజిలో ఆవకాయ నంజుకోవడం మొదలుపెట్టారు. శత్రువుల గుండు తగిలి అడుగున చెక్క పగిలింది. బాగు చేయించడానికి దొర ఓడని గోదావరి సముద్రంలో కలిసే మొగలో లంగరు వేయించాడు. మన వడ్రంగులు చెక్క వేశారు గానీ లోపలికి నీటి ఊట పూర్తిగా ఆగలేదు. దొర బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఓడ అంచు తాకి కళ్ళకి అద్దుకుని పైకెక్కాడు.

"దొరేనా ఎక్కింది?" అన్నారు పెద్దతాతయ్య.

"ఆయ్."

"బూట్లు విప్పేడా?"

"విప్పేడు తాతయ్యా."

"మంచోడే" అని, అరచేత్తో మీసం నిమురుకున్నారు.

ఊట ఆగని ఓడకి ఏం జరుగుతుందో నాకు ఆ చెక్క రాసినరోజే తెలుసు. అది మునగాలి. నేను ముంచాలనుకుని కాదు. ప్రతి అధ్యాయంలోనూ నీళ్ళు ఒక జాన పెరుగుతూనే ఉన్నాయి, కళాసీలు తోడుతూనే ఉన్నారు. కానీ ఆ రోజునుంచే పెద్దతాతయ్య ఒక ప్రశ్న పట్టుకున్నారు. చదవడం అయిపోయి నేను లేచే వేళకి, ఏదో గుర్తొచ్చినట్టు, "ఓడ ఇంటికొస్తదా అమ్మా?" అనేవారు. "ఇంకా అక్కడిదాకా చదవలేదు తాతయ్యా" అని తప్పించుకునేదాన్ని.

ఒకరోజు వంటింట్లో మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ ఓడ ఏమవుతుందే?"

"మునుగుతుందేమో మామ్మా."

మామ్మ పొయ్యి తగ్గించింది. అప్పుడు చెప్పింది. పెద్దతాతయ్య వాళ్ళ నాన్నగారు, అంటే మా ముత్తాత, ఓడ మీద కళాసీ. తాళ్ళరేవు నుంచి చెక్క ఓడల్లో పెంకులు వేసుకుని రంగూన్ వెళ్ళి, టేకు వేసుకుని తిరిగొచ్చేవారట. ఒకసారి వెళ్ళిన ఓడ రాలేదు. మునిగిందని చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. అప్పటికి పెద్దతాతయ్యకి ఏడేళ్ళు, మా తాతయ్య ఇంకా చంకలో పిల్లాడు.

ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరూ నాతో అనలేదు. నేను అడిగేదాన్ని కాదు గనక.

"అందుకని వచ్చిందని చదువు" అంది మామ్మ. "పుస్తకంలో ఏముంటే నీకెందుకు? ఆయనేమన్నా చూడొచ్చేరా?"

ఆ పుస్తకం నేనే రాస్తున్నానని మామ్మకి కూడా తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని పెద్దగా రాయను, మామూలుగానే పట్టింది. కానీ పొద్దున్న లేచి రెండు రకాలుగా రాశాను. ఎడమ పేజీలో ఓడ మునిగింది. కుడి పేజీలో ఓడ ఇంటికి వచ్చింది. ఎడమది రాస్తుంటే చెయ్యి ఆగలేదు. కుడిది నాలుగు సార్లు కొట్టేసి రాశాను. అయినా మామ్మ మాటే సరైందనిపించింది. ఎనభై దాటిన మనిషి, ఒక్క ఓడ తిరిగొస్తే ఎవరికి నష్టం? నా కథ నిజాయితీగా లేకపోతే ఎవరు పట్టించుకుంటారు?

మధ్యాహ్నం కుడి పేజీ చదవడం మొదలుపెట్టాను. దూరంగా కొబ్బరిచెట్లు కనబడ్డాయి. కళాసీలు కేకలు వేశారు. నీళ్ళు సముద్రంలోకి లాగేసుకుపోతున్న పాటు వేళ, తెరచాపలన్నీ ఎత్తి, ఓడ మొగలోంచి నదిలోకి దూసుకువచ్చింది.

"ఆగమ్మా" అన్నారు పెద్దతాతయ్య. "పాటులోనా?"

"ఆయ్."

"సగం మునిగిన ఓడ, ఎదురు నీళ్ళలో, మొగలో ఇసకమేట దాటుకుని లోపలికొచ్చేసిందా?"

మామ్మ చేట ఆపేసి నా వంక చూసింది.

"పోటు కోసం ఆగాలి తల్లీ. నీళ్ళు పైకెక్కి వస్తే అప్పుడు దాంతోపాటు రావాలి. తొందరపడి తెచ్చేసేవు." నా వైపు తల తిప్పారు. "నా కోసవే గదా?"

"పుస్తకంలో అలాగే ఉంది తాతయ్యా" అన్నాను. వైవా రోజులాగే, మామ్మ చేట వంక చూస్తూ కూర్చున్నాను.

"పుస్తకం ఎప్పుడో అయిపోయిందిగా. ఇంగ్లీషు దొర బూట్లు విప్పి ఓడెక్కుతాడా? రేవు పడవ మీద చెప్పులతో అడుగెట్టొద్దని నీ చిన్నప్పుడు నేను కోప్పడితే, లంకకెళ్ళేప్పుడల్లా చెప్పులు చంకలో పెట్టుకుని ఎక్కేదానివి. ఆ బుద్ధే నీ దొరకీ వచ్చింది." ఆయన నవ్వారు. "ఆ రోజే తెలిసింది. చెప్తే మానేస్తావని ఊరుకున్నాను."

ఒళ్ళో డైరీ మూసేశాను. అక్కడినుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది. కానీ ఆయన చెయ్యి చాచి, గాల్లో వెతికి, నా మోచెయ్యి పట్టుకున్నారు.

"మా అమ్మ పన్నెండేళ్ళు చూసింది. తర్వాత పెద్దలు చెప్తే దర్భలతో బొమ్మ చేసి నాన్నకి కర్మ చేసేం. బొమ్మకి నేనే నిప్పు పెట్టేను. అమ్మ గాజులు తీసేసేరు. మర్నాడు పొద్దున్న చూస్తే మళ్ళీ బొట్టెట్టుకుని కూర్చుంది. ఎవరన్నా చూసేరా ఆయన పోవడం, అంది. చూసినోళ్ళొచ్చి చెప్తే తీసేస్తాను అంది. పోయేదాకా బొట్టుతోనే ఉంది."

వీధిలో కొబ్బరికాయల ట్రాక్టరు వెళ్ళింది. ఆయన చెవి అటు తిప్పి, మళ్ళీ నా వైపు తిరిగారు.

"నీ ఓడ మునుగుతుందని నాకు తెలుసమ్మా. ఊట అలాంటిది. వస్తదా అని అడిగింది రమ్మని కాదు. ఎలా పోయిందో చెప్తావేమోనని. ఎవరెక్కడ నిలబడ్డారు, గాలి ఎటు, ముందు ఏ వైపు ఒరిగింది, ఎవరు ఎవరిని పిలిచేరు. అవన్నీ రాసేవా?"

రాశాను అన్నాను. ఎడమ పేజీలో.

"అయితే చదువు. నువ్వు చూసేవుగా."

మామ్మ చేట పక్కన పెట్టి, కొంగు భుజం మీదకి లాక్కుని, నా ద్వారా కాకుండా, నేరుగా ఆయనతోనే అంది. "బావగారూ, వద్దండీ. మనసు పాడుచేసుకుంటారు."

"ఏం కాదమ్మా. కూర్చో. నువ్వూ విను" అన్నారాయన.

చదివాను. గాలి ఈశాన్యం నుంచి వీచింది. ఓడ ముందు ఎడమవైపు ఒరిగింది. ఒక్కచోట మాత్రం ఆయన చెయ్యెత్తి ఆపారు. అలా ఒరుగుతున్నప్పుడు స్తంభం దగ్గర ఎవరూ నిలబడరు, చుక్కాని వైపు వెళ్తారు, అక్కడే ఎత్తు ఉంటుంది అన్నారు. ఆ వాక్యం అక్కడే కొట్టేసి, చుక్కాని వైపు నడిపించి, మళ్ళీ చదివాను. కళాసీలు ఒకళ్ళ పేర్లు ఒకళ్ళు పిలుచుకున్నారు. వంటవాడు పొయ్యి మీద కుండ దింపి వచ్చాడు. దొర అందరినీ చిన్న పడవలోకి దించడానికి చూశాడు, సగం మందే దిగారు. అతను దిగలేదు.

అయిపోయాక ఆయన కుర్చీ చేతిని వేళ్ళతో తడిమారు.

"చివర్లో దొర కాళ్ళకి బూట్లున్నాయా?"

రాసినదాంట్లో ఆ సంగతి లేదు. కానీ చూశాను.

"లేవు తాతయ్యా."

"ఆయ్" అన్నారు పెద్దతాతయ్య.