గార్డుకూ నర్సుకూ లగ్గం ఎప్పుడు?

గూడ్సు బండి గార్డుకూ, రైల్వే ఆసుపత్రి నర్సుకూ ఆ సీరియల్ రచయిత ఆఖర్న ఒక పేరాలో మాట కలిపి, రెండో పేరాలో ప్రేమ పుట్టించి, మూడో పేరాలో తాళి కట్టించి ‘శుభం’ అన్నాడు. అన్యాయం. డెబ్బై దాటాక కూడా ఇదే మాట అంటాను. ఆ రోజుల్లో వారపత్రికలో సీరియల్ అంటే, ఒక మనిషి వారం వారం మన ఇంటికొచ్చి కాసేపు కూర్చుని పోయినట్టు ఉండేది. ఏడాదికి పైగా గార్డు బండి ఆసుపత్రి ముందు నుంచి పోతూనే ఉంది, అతను పచ్చజెండా ఊపుతూనే ఉన్నాడు, ఆమె వరండాలో నిలబడి చూడనట్టు చూస్తూనే ఉంది. మా చేత అంత ఓపిక పట్టించి, ఆఖరి వారం తనకేదో బస్సు తప్పిపోతున్నట్టు ముగించేస్తే ఎవరికి చెప్పుకోవాలి? (రచయితకే చెప్పుకున్నాను. కార్డు మీద కార్డు రాశాను. ఆయన జవాబు కోసం ఇప్పటికీ చూస్తున్నాను.)

అప్పుడు నేను మహారాష్ట్రలో మాజ్రి దగ్గర ఒక బొగ్గు గనిలో, దీపాలిచ్చే గదిలో పనిచేసేవాణ్ణి. కిందికి దిగేవాళ్ళు కిటికీలో తమ నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటారు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. నా చదువు మరాఠీ బడిలో నాలుగో తరగతి దగ్గర ఆగింది. తెలుగు అక్షరాలు నాకెవరూ నేర్పలేదు, సినిమా గోడపత్రికలు చూసి నేనే నేర్చుకున్నాను; అందుకే నా చేతిరాత ఇప్పటికీ అరుస్తున్నట్టు ఉంటుంది. గనిలో తెలుగు మాట్లాడేవాళ్ళం బోలెడుమందిమి, చదవగలిగినవాళ్ళం బహు తక్కువ. నేను చదివి చెబితేనే వాళ్ళకు సీరియల్. కాబట్టి అన్యాయం నా ఒక్కడికి జరిగింది కాదు. ఆ ‘శుభం’ చెల్లదని కిటికీలోంచే ప్రకటించి, పెళ్ళి రద్దు చేసి, ఆమెను వరండాకూ అతన్ని బండికీ తిరిగి పంపించి, కథ నేనే రాయడం మొదలుపెట్టాను.

పాత క్యాలెండరు వెనక ప్లాను వేసుకున్నాను. వానాకాలమంతా చూపులే. దసరాకు ఒక మాట. హోళీకి ఒక కప్పు చాయ్. చేయి తగలడం వచ్చే ఏడు, అదీ మా వైపు పెళ్ళిళ్ళలాగే పత్తి బాగా పండితే. (ఈమధ్య మా మనవరాలు ఫోనులో ఏదో సీరియల్లోని మనుషులను తీసుకుని మరాఠీలో సొంత కథ అల్లుతోంది. “దీన్ని స్లో బర్న్ అంటరు తాతా, కొత్తగ వచ్చింది” అని నాకు వివరించింది. కొత్తగా వచ్చిందట. బొగ్గు నిదానంగా అంటుకుంటుందని గనివాడికి చెబుతోంది.)

కిటికీ దగ్గర ఒక్కొక్కరికి దొరికేది దీపం వెలుగుతోందో లేదో చూసుకునేంత సేపే. అందుకని వరసలో మొదటివాడికి కథలో నాలుగు వాక్యాలు చెబితే, వెనకవాడికి ఆ తరువాతి నాలుగు. కింద అన్నం తినేటప్పుడు అదే వరసలో కూర్చుని, ఎవరి ముక్క వాళ్ళు అప్పజెప్పి కథను అతికించుకునేవారు. వరస చెడకుండా చూసేది సర్దార్ మామ. ముఠాను కిందికి తీసుకుపోయి క్షేమంగా పైకి తెచ్చే సర్దార్ ఉద్యోగం ఆయనది. కరీంనగర్ వైపు మనిషి. నాకు చుట్టమేమీ కాదు గానీ గనిలో అందరికీ మామే.

ఒక రోజు మొదటివాడికి, గార్డు కొన్నాళ్ళుగా కనబడటం లేదని చెప్పాను. రెండోవాడికి, అతను సెలవు పెట్టి ఊరికి పోయాడనీ, ఆసుపత్రిలో ఒక ముసలమ్మ చేరిందనీ చెప్పాను. మూడోవాడికి, తెల్లారేసరికి ప్రాణం పోయిందనీ, నర్సు స్తంభం పట్టుకుని ఏడ్చిందనీ చెప్పాను. ఆ రెండోవాడు కాస్తా కడుపునొప్పని దీపం తిరిగిచ్చి ఇంటికి పోయాడు. నేను పట్టించుకోలేదు. షిఫ్టు దిగి అందరూ పైకొచ్చారు, టిఫిన్ డబ్బాల మూతలైనా తీయలేదు. మామ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దీపం ఠక్కున పెట్టి, “జెండా ఊపుడు తప్ప ఏం పాపం చేసిండురా వాడు?” అన్నాడు.

పోయింది ముసలమ్మ అని నేనెంత చెప్పినా నమ్మలేదు. కడుపునొప్పివాడి ఇంటికి పోయి, మంచంలో ఉన్నవాణ్ణి లేపి, మధ్య ముక్క విని మళ్ళీ వచ్చాడు. “బతికే ఉన్నడు గని, నీమీద నాకు నమ్మకం లేదు అల్లుడా. నేను రిటైరయ్యేలోపు లగ్గం చెయ్యి” అన్నాడు.

తొందరపాటు మీద యుద్ధం ప్రకటించినవాణ్ణి, నేనెలా తొందరపడతాను? మామ బతిమాలాడు, తిట్టాడు, అత్త చేత సకినాలు చేయించి తెచ్చాడు. సకినాలు తిన్నాను గానీ గార్డు చెయ్యి నర్సుకు మాత్రం తగలనివ్వలేదు. ఆయన ఆఖరి షిఫ్టు రోజున, నర్సు గార్డుకు చక్కెర ఎంత అని అడగకుండానే చాయ్ కలిపి ఇచ్చింది. నాకు తెలిసి అంతకన్నా పెద్ద మాట లేదు. మామ “గింతేనా?” అన్నాడు. ఇంతే అన్నాను. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ వీపు నన్ను ఓడించింది. కూర్చుని పెళ్ళి రాశాను, ఊరేగింపుతో సహా. గూడ్సు బండికి మామిడి తోరణాలు కట్టించాను. సెలవు మీద మామ ఊరి వైపు పోయేవాడితో కబురు పంపాను, లగ్గం రాశాను, పంపమంటావా అని.

ఆ పెళ్ళి ఇప్పటికీ ఇనప్పెట్టెలోనే ఉంది. గార్డుకు జుట్టు నెరిపించాను, నర్సుకు కళ్ళద్దాలు పెట్టాను, మోకాళ్ళ నొప్పులు మాత్రం నాకే ఉంచుకున్నాను. వారానికో పేజీ ఇప్పటికీ రాస్తాను. అతను జెండా ఊపుతాడు, ఆమె చూడనట్టు చూస్తుంది. ఇంకెంత లాగుతావు తాతా అంటుంది మనవరాలు. ముసలాడి మొండితనం అనుకుంటోంది. ఒకప్పుడు నేనూ సిద్ధాంతం అనుకున్నాను. రెండూ కాదు. ఆనాడు సెలవు నుంచి తిరిగొచ్చినవాడు కిటికీలో బిళ్ళ పెడుతూ మామ జవాబును ఆయన గొంతుతోనే చెప్పాడు:

“అప్పుడే లగ్గం చెయ్యకని చెప్పు అల్లునికి. ఈడ నాకు పొద్దు పోతలేదు. పొద్దుగాల లేసి అరుగు మీద కూసోని, ఇయ్యాల వాళ్ళేం మాట్లాడుకున్నరో అనుకుంటున్న. లగ్గమైతే ఇగ నేను దేనికి ఎదురుచూడాలె?”